ఐదు వోల్టుల మేడమ్

మొదటి రోజే ఇద్దరికీ చెడింది.

పిల్లలకు ఎలక్ట్రానిక్స్ నేర్పే కిట్లు తయారుచేసే చిన్న వర్క్‌షాప్ అది. మూడు బల్లలు, ఒక కిటికీ, ఎప్పుడూ సోల్డరింగ్ పొగ వాసన. యజమానురాలి అక్క కూతురు అక్కడ బోర్డులు పరీక్షించి పెట్టెల్లో సర్దేది. ప్రోగ్రాములు రాయడానికి కొత్తగా చేరిన కుర్రాడు వస్తూనే ఆమె చేతిలోని బోర్డు చూసి నవ్వాడు.

"ఇదింకా వాడుతున్నారా? మా తాత కాలం నాటిది."

"మీ తాతగారు బాగానే ఉన్నారా?"

"నిక్షేపంగా ఉన్నారు."

"ఇదీ అంతే," అంది తలెత్తకుండానే.

ఆ బోర్డు మీదుండే మైక్రోకంట్రోలర్ అంటే మరేం లేదు, వేలెడంత బుర్ర. దీపం వెలిగించమంటే వెలిగిస్తుంది, మోటారు తిప్పమంటే తిప్పుతుంది. కొత్త కిట్‌లో ఏ బుర్ర పెట్టాలన్నదే తగువు. వైఫై ఉన్న కొత్త బోర్డయితే ఫోన్‌తోనే దీపం వెలిగించొచ్చని అతని ఉబలాటం. పాతది ఐదు వోల్టులకు నిలుస్తుంది, పిల్లలు తీగలు అటూ ఇటూ గుచ్చినా ఓర్చుకుంటుందని ఆమె పట్టు. ఆమె అతన్ని వైఫై బాబు అంది. అతను ఆమెను ఐదు వోల్టుల మేడమ్ అన్నాడు. రోజూ ఈ వాదన లేకపోతే ఇద్దరికీ టీ రుచించేది కాదు.

శుక్రవారం తేల్చేస్తానంది యజమానురాలు. పాతదానికి ప్రోగ్రాములన్నీ ఉన్నాయి కాబట్టి, అదే ఖాయమైతే కుర్రాడితో పని ఉండదని కూడా అంది. ఆ మాట వినగానే అక్క కూతురు చేతిలోని బోర్డు పక్కన పెట్టేసింది. తను గెలిస్తే అతను వెళ్ళిపోతాడన్నమాట.

గురువారం అతను హుషారుగా కొత్త బోర్డు పట్టుకొచ్చి, ఐదు వోల్టుల సెన్సర్ తీగను నేరుగా దానికే గుచ్చాడు. అది మూడు చిల్లర వోల్టులకు మించి తట్టుకోలేదు. బోర్డు వేడెక్కి చచ్చింది. అతని ముఖం వాడిపోయింది. ఎగతాళి చేయడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఆమె మాత్రం ఆ బోర్డును తీసుకుని, ఎక్కడ కాలిందో చూడసాగింది.

శుక్రవారం బయట వాన దంచుతోంది. యజమానురాలు కూర్చోగానే కుర్రాడే ముందు మాట్లాడాడు. పిల్లల చేతికిచ్చేది తట్టుకోవాలని, పాత బోర్డే సరైనదని, ఆమె మాటే నిజమని చెప్పాడు.

అతను అలా ఓటమి ఒప్పేసుకుంటుంటే ఆమెకు ఒళ్ళు మండింది. ఇంకో కొత్త బోర్డు బల్ల మీద పెట్టింది. సెన్సర్ తీగ దారిలో రెండు రెసిస్టర్లు అతికి ఉన్నాయి. అవి వోల్టేజీని తగ్గించి పంపుతాయి, ఇక బోర్డు పోదు. రాత్రంతా కూర్చుని చేసిన పని అది. అదే తీగ గుచ్చి చూపించింది. దీపం టక్కున వెలిగింది.

"పిన్నీ, కొత్తదే పెట్టు."

"అదేంటండీ, మీరేగా వద్దన్నారు?" అన్నాడతను.

"మీరు ఓడిపోయి వెళ్ళిపోతే నేనెవరితో పోట్లాడాలి?"

అన్నాక ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అతను మాత్రం దీపాన్ని వదిలేసి ఆమెనే చూస్తున్నాడు.

పిన్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కిట్ రెండు బోర్డులకూ పనికి రావాలని తేల్చేసింది.

"ఒకే పాఠం రెండిటి మీదా నడవాలి. రాయడానికెన్నాళ్ళు పడుతుంది బాబూ?"

"చాలా కాలం పట్టేట్టుందండీ," అన్నాడతను, చూపు తిప్పకుండా.

"తొందరేం లేదు," అంది ఆమె.

పిన్ని లేచి గొడుగు అందుకుంది.

"ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా బాబూ. మా అక్కకు నేను చెప్తాను. బోర్డుల గురించి మాట్లాడ్డానికి మాత్రం కాదు."