ఓటీలియా పారిపోలేదు

"ఎనిమిదిన్నరకి అన్నాను. ఇప్పుడు తొమ్మిది కావస్తోంది," అన్నాడు యెర్కో, మినీబస్సు తలుపు పట్టుకుని నిలబడి.

"మా అమ్మమ్మకి ఎనభై నాలుగేళ్లండీ. ఆవిడ ఎనిమిదింటికి బయల్దేరితే తొమ్మిదికే చేరుతుంది," అంది మిర్తా.

"అయితే ఏడున్నరకే బయల్దేరాల్సింది."

"చూడండి డ్రైవర్ గారూ, వారం రోజులుగా ఆస్పత్రిలో డబుల్ డ్యూటీ చేస్తున్నాను. పొద్దున్నించి అమ్మమ్మ తిట్టింది, టాక్సీవాడు తిట్టాడు. మీరు మూడోవారు. త్వరగా కానిస్తే ఎక్కి కూర్చుంటాం."

యెర్కోకి నవ్వొచ్చింది. కానీ ఆ రోజు అతనికి నవ్వడానికి కూడా ఓపిక లేదు. సెలవన్నది లేకుండా అది పదకొండో రోజు. గొంతు బొంగురుపోయింది. అతను కిందికి వంగి ముసలావిడ చెయ్యి పట్టుకుని మెల్లగా ఎక్కించాడు. ఆవిడ పేరు క్లొరీందా. "చల్లగా ఉండు నాయనా. దీని మాటలు పట్టించుకోకు. నిద్ర చాలకపోతే అది తేలు," అందావిడ.

"అమ్మమ్మా!"

బస్సు ఇకీకే ఊరు దాటి కొండ ఎక్కింది. సముద్రం మీది పొగమంచు సగం కొండ దాకా వెంటాడి అక్కడ ఆగిపోయింది. పైన ఎర్ర నేల, తెల్ల ఎండ. అద్దంలో యెర్కో కళ్లు ఒకసారి వెనక్కి చూశాయి. మిర్తా కిటికీకి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. అతనికి అసూయ కలిగింది.

సాంత బ్రిహిదా ఒకప్పటి సురేకారం గనుల ఊరు. గనులు మూతపడి అరవై ఏళ్లు దాటింది. తలుపుల్లేని ఇళ్లు వరసలు వరసలుగా ఉన్నాయి. తుప్పు పట్టిన రేకులు గాలికి టకటకమంటున్నాయి. యెర్కో తన పదిమంది యాత్రికులనీ కొట్లు, బడి, ఎండిపోయిన ఇనుప ఈతకొలను తిప్పి, ఎప్పటిలాగే చివరికి నాటకశాలలోకి తీసుకొచ్చాడు. చెక్క కుర్చీల్లో కూర్చోబెట్టి వేదిక ఎక్కాడు. ఆరేళ్లుగా రోజూ చెప్పే కథే. నాలుకే దాన్ని చెప్పేస్తుంది, మనిషి అక్కర్లేదు.

"ఈ ఊళ్లో ఓటీలియా అని ఒక అందగత్తె ఉండేది. కొట్లో గుమాస్తా ఫెర్మీన్‌తో పెళ్లి కుదిరింది. సరిగ్గా పెళ్లి రోజు పొద్దున్న ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? రైలింజన్ డ్రైవర్‌తో లేచిపోయింది! ఊరంతా చూస్తుండగా అతని చేతుల్లో ఇంజన్ ఎక్కింది. పాపం ఫెర్మీన్ పెళ్లి బట్టల్లోనే ఇక్కడికొచ్చి కూర్చున్నాడు. ఇప్పటికీ సాయంత్రం నాలుగింటికి ఆ మూడో వరసలో కుర్చీ ఒకటి కిర్రుమంటుంది."

అందరూ నవ్వారు. ఇద్దరు మూడో వరసని ఫొటో తీశారు.

"ఎవరు చెప్పారు మీకు?"

మిర్తా లేచి నిలబడింది. నిద్రమత్తు వదిలిపోయింది.

"అందరూ చెప్పేదేనండీ," అన్నాడు యెర్కో.

"అందరూ అంటే ఎవరు? ఆ ఓటీలియా మా అమ్మమ్మ అక్క. వాళ్ల పరువుతో మీరు వ్యాపారం చేస్తున్నారా?"

ఫొటో తీసినవాళ్లు ఫోన్లు దించారు.

"కూర్చో మిర్తా," అంది క్లొరీందా. గొంతులో కోపం లేదు, ఆయాసం మాత్రమే ఉంది. "బాబూ, మా అక్క పారిపోలేదు. పెళ్లికి ముందురోజు జ్వరం వచ్చింది. తెల్లారేసరికి మనిషి ఒంటి మీద తెలివి లేదు. ఇక్కడి డాక్టరు పట్నం తీసుకుపొమ్మన్నాడు. ప్రయాణికుల రైలు మర్నాటికి గానీ లేదు. సురేకారం బళ్లు లాక్కెళ్లే ఇంజన్ ఒక్కటే ఉంది. ఆ డ్రైవరు దుప్పట్లో చుట్టి చేతుల మీద ఎత్తుకుని ఎక్కించాడు. కిటికీల్లోంచి చూసినవాళ్లకి అదే కనపడింది. మూడో రోజున ఇకీకే ఆస్పత్రిలో పోయింది. పంతొమ్మిదేళ్లు దానికి. నాకు పదకొండు."

యెర్కో వేదిక అంచుకి వచ్చాడు.

"మరి ఫెర్మీన్?" అడిగాడు యెర్కో, బొంగురు గొంతుతో.

"మంచం పక్కనే ఉన్నాడు. పెళ్లి బట్టల్లోనే. అదొక్కటి మాత్రం నువ్వు నిజం చెప్పావు."

యాత్రికులు మెల్లగా బయటికెళ్లి నీడ వెతుక్కుని భోజనాల పొట్లాలు విప్పారు. యెర్కో వేదిక దిగి ముసలావిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "క్షమించు అవ్వా. తెలీక చెప్పాను. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. అదింకా తప్పు."

"మా ఇల్లు చూపిస్తావా? కుట్టుపనివాళ్ల వీధి, పంతొమ్మిదో నంబరు. ఒక్కదాన్నే అంతదూరం నడవలేను."

యెర్కో బస్సులోంచి మడత కుర్చీ తెచ్చి భుజాన వేసుకున్నాడు. ఇంకో చెయ్యి ఆవిడకిచ్చాడు. మిర్తా గొడుగు పట్టుకుని వెనకాల వచ్చింది.

పంతొమ్మిదో నంబరుకి నాలుగు గోడలు మిగిలాయి. పైకప్పు లేదు. గడపకి పక్కన గోడ మీద ఎవరో పిల్లలు మేకుతో గీసిన ఎత్తుల గుర్తులున్నాయి. ముసలావిడ వాటిని చేత్తో తడిమి, "కుర్చీ ఇక్కడ వెయ్యి. మీరిద్దరూ కాసేపు బయట ఉండండి," అంది.

ఇద్దరూ గోడ నీడలో నేల మీద చతికిలబడ్డారు. మధ్యలో ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలారు.

"ఆ కుర్చీ కిర్రుమనడం కూడా ఎవరో చెప్పిందేనా?" అంది మిర్తా.

"అది నేనే కలిపాను. మొదటి ఏడాది. జనం నిద్రపోతున్నారని."

"సిగ్గులేదూ?"

"ఉండేది. రోజుకో ట్రిప్పు, ఆరేళ్లు. సిగ్గు కూడా టైర్ల లాగే అరుగుతుందండీ."

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే ఆపుకుంది. "నేనూ రోజూ అబద్ధాలే చెప్తాను లెండి. కాలు విరిగి వచ్చినవాళ్లకి, రేపటికి నొప్పి తగ్గిపోతుందని."

"అవి మంచి అబద్ధాలు. విన్నవాళ్లకి నిద్ర పడుతుంది. నావి వింటే వచ్చే నిద్ర పోతుంది."

ఈసారి ఆపుకోలేకపోయింది. నవ్వి, తన సంచిలోంచి రొట్టె తీసి సగం తుంచి ఇచ్చింది. రొట్టెలో రాసిన అవకాడో పండు ముద్ద ఎండకి నల్లబడింది. అయినా ఇద్దరూ తిన్నారు.

"పదకొండు రోజులా ఆగకుండా?" అంది.

"మీకెలా తెలుసు?"

"బస్సు దిగేటప్పుడు ఎవరితోనో అన్నారు. ఎందుకంత?"

అతను చొక్కా మీది రొట్టె పొడి దులుపుకున్నాడు. "ఇంటికి తొందరగా వెళ్తే ఏం చెయ్యాలో తెలీదు. అందుకని," అన్నాడు చివరికి.

మిర్తా అతని వైపు చూసింది. తన డబుల్ డ్యూటీలకీ కారణం అదేనని ఆమె ఎవరికీ చెప్పలేదు. అతనికీ చెప్పలేదు. కానీ మధ్యలో వదిలిన చోటు ఎప్పుడో సగమైపోయింది.

క్లొరీందా చేతికర్ర కొస భుజానికి తగిలేసరికి యెర్కో నిద్రలోంచి ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. మిర్తా తల అతని భుజం మీద ఉంది. దూరంగా బస్సు హారన్ మోగుతోంది. యాత్రికుల్లో ఎవరో విసుగెత్తి కొడుతున్నారు.

"ఓరి పిల్లల్లారా!" అంది క్లొరీందా. "నేను దెయ్యాల్ని పలకరించి వచ్చేసరికి మీరే శవాల్లా పడున్నారేంటి!"

మిర్తా మొహం కందగడ్డయింది. సాయంత్రం దాకా అతని వైపు చూడలేదు.

బస్సు కదిలే ముందు యెర్కో అందరినీ నిలబెట్టి ఓటీలియా కథ మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఈసారి జ్వరం, దుప్పటి, ఇంజన్, పంతొమ్మిదేళ్లు. ఒకాయన గొణిగాడు, "మొదటిదే బావుంది."

"బావుంటుంది," అన్నాడు యెర్కో. "కానీ అది జరగలేదు."

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం అతను వేదిక ఎక్కి కథ మొదలుపెట్టాక చూస్తే, చివరి వరసలో మిర్తా కూర్చుని ఉంది. వేరే బస్సులో వచ్చినట్టుంది. యెర్కో ఒక వాక్యం రెండుసార్లు చెప్పాడు. అయినా చివరిదాకా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంది.

అందరూ వెళ్లాక యెర్కో మిర్తా దగ్గరికొచ్చాడు. "చెప్పకుండా వచ్చారేం?"

"చెప్పి వస్తే ఎవరైనా సరిగ్గానే చెప్తారు. చెప్పకపోతే ఎలా చెప్తారో చూద్దామని."

"మరి? పాసయ్యానా?"

"ఒక్క తప్పు చేశారు. ఓటీలియా జుట్టు నల్లగా ఉండేది. మీరు గోధుమరంగన్నారు."

యెర్కో తల గోక్కున్నాడు. "మీ జుట్టు చూస్తూ చెప్తున్నాను మరి. ఇంకో రంగు నోటికి రాలేదు."

ఆమె చెయ్యి జుట్టు మీదికి వెళ్లింది. గాలికి రేకు ఒకటి దడాలుమంటే ఇద్దరూ అటు చూసి, మళ్లీ ఒకరినొకరు చూసుకున్నారు.

"నాకు చాలా అలసటగా ఉంది మిర్తా," అన్నాడతను మెల్లగా. మీరు, గారు ఎటు పోయాయో అతనికే తెలీదు. "రోడ్డు, ఎండ, మాటలు, అన్నీ విసుగొచ్చేశాయి. కానీ ఈ మూడు వారాల్లో నీ గురించి ఆలోచించడం మాత్రం విసుగు రాలేదు. అది చెప్పాలనిపించింది."

"నేను డబుల్ డ్యూటీలు మానేశాను," అందామె. "ఎందుకని అడగవేం?"

"ఎందుకు?"

"రేపు ఆదివారం భోజనానికి రా. అక్కడ చెప్తాను. అమ్మమ్మ రమ్మంది. నేను కాదు."

మర్నాడు క్లొరీందా వంటింట్లో టేబుల్ దగ్గర అతన్ని కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని నిలువెల్లా చూసింది. మిర్తా పొయ్యి దగ్గర కోడి, గుమ్మడి ముక్కల పులుసు గిన్నెల్లో పోస్తోంది.

"నా మనవరాల్ని ఎక్కడికి తీసుకెళ్దామని బాబూ నీ ఉద్దేశం?"

"ఎక్కడికీ కాదవ్వా. ఇద్దరం తిరిగి తిరిగి ఉన్నాం. ఒకచోట కూర్చుందామని."

ముసలావిడ రొట్టెల బుట్ట అతని వైపు జరిపింది. "మా ఇంట్లో ఒక పెళ్లి ఆగిపోయింది. ఇంకోటి జరిగితే చూడాలని ఉంది. తొందరేం లేదు. నేనిప్పట్లో పోయే రకం కాదు."

మిర్తా గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. ఎవరి మొహమూ చూడకుండా, "ఉప్పు సరిపోయిందా?" అంది.

"సరిపోయింది," అన్నాడు యెర్కో. అతను ఇంకా చెంచా ముట్టుకోలేదు.