ఎరుపు పడని రాయి

ఆ గురువారం సాయంత్రం నాలుగు గంటలకు ఎరుపు రాలేదు.

పడమటి కిటికీలోంచి నీలం వచ్చింది. పసుపు వచ్చింది. సరస్సు నీటి పచ్చదనం కూడా వచ్చి ఎప్పటిలాగే స్తంభాల మీద పాకింది. జ్ఞానస్నానపు తొట్టి పక్కనున్న నల్లరాయి మీద మాత్రం, అరచేయంత ఎరుపు పడవలసిన చోట, తెల్లటి వెలుగు పడింది... ఎండకు ఆరిన ఎముకలాంటి తెలుపు.

ఎనిఫా అప్పుడు చూడవచ్చినవాళ్లకు చర్చి చూపిస్తోంది. లిసింబా దీవిలో పన్నెండేళ్లుగా ఆమె పని అదే. రాళ్లను చీమలపుట్ట మట్టితో అతికించారనీ, రంగు అద్దాలు రంపపు పొట్టు నింపిన పీపాల్లో పడవలెక్కి వచ్చాయనీ ఆమె చెబుతుంటే, గంట కొట్టే కసింజే తాత పక్కన చేరి, "కాస్త తక్కువ పొగడవే, రాళ్లు సిగ్గుపడి పక్కకు జరుగుతాయి" అనేవాడు. ఆ రోజు తాత నిచ్చెన వేసుకుని కిటికీ దాకా ఎక్కాడు. దిగివచ్చినప్పుడు అతని చేతిలో కత్తితో నీటుగా కోసిన, అద్దాలు బిగించే సీసం పట్టీ ముక్క ఉంది.

"కిటికీ బొమ్మలో జాలరి అంగీ అంచు ముక్క పోయింది," అన్నాడు. "మీ అమ్మాయిది."

అదే క్షణంలో ఒడ్డున చేపలు ఆరబెట్టే పందిళ్ల దగ్గర్నుంచి ఆడవాళ్ల కేకలు వినిపించాయి. ఎనిఫా కూతురు తియంజానే, పద్నాలుగేళ్ల పిల్ల, నడుస్తున్నది నడుస్తున్నట్టే కూలిపోయింది.

ఆ దీవిలో పసిబిడ్డకు జ్ఞానస్నానం ఎండ పడమటికి వాలాకే చేయిస్తారు. బిడ్డ నుదుటి మీద మొదట ఏ రంగు పడితే అది ఆ బిడ్డ రంగు. ఇంట్లో వాళ్లకు తప్ప ఆ రంగు ఎవరికీ చెప్పరు. కిటికీలు కడిగే తాతకు మాత్రం అందరివీ తెలుసు. అడగడమే తప్పు. చెప్పడం అంతకన్నా తప్పు.

ఎనిఫా చెప్పింది.

మూడు రోజుల క్రితం గ్వాజా అనే మనిషి పడవ దిగి వచ్చాడు. అవతలి ఒడ్డున చర్చిలు కట్టిస్తుంటానన్నాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, ఉత్త కాళ్లతో నడిచాడు. కమానుల కింద తల ఎత్తి కిటికీలను చూస్తూ నిలబడ్డాడు. ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు ఆమెకు ఎన్నడూ తగల్లేదు. చివర్లో అతను, "ఇంత బాగా చెబుతున్నారు, మీ అమ్మాయి రంగు కూడా ఇందులోనే ఉంటుందిగా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. ఆమె వేలెత్తి చూపించింది. అంతే. మెచ్చుకోలుకు పొంగి, ఒక్క వేలు ఎత్తింది.

గురువారం రాత్రి నుంచి తియంజానే గోడకు ఆనుకుని కూర్చుంది. రెప్ప వేయలేదు. నోట్లో పెట్టిన జొన్నముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఫాదర్ అవతలి ఒడ్డున ఉన్నాడు, సోమవారం దాకా పడవ లేదు. ఉన్న తీర్థాన్ని ఎనిఫా కూతురి నుదుట చల్లితే, కాలే పెనం మీద పడినట్టు చుయ్యిమని ఇగిరిపోయింది. ఎనిఫా పిల్ల చేయి పట్టుకుని తెల్లారేదాకా కూర్చుంది. అంతకు మించి ఆమెకు చేయగలిగింది ఏమీ కనిపించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పిల్ల నోరు కదిలింది. వచ్చింది మాత్రం గ్వాజా గొంతు.

"రేపు నాలుగింటికి చర్చి తలుపు తీసి ఉంచు. నువ్వూ నీ కూతురూ తప్ప ఎవరూ ఉండకూడదు. సగం నువ్వే చూపించావుగా, మిగతా సగం కూడా చూపించు."

ఎనిఫా కసింజే తాత దగ్గరకు పరిగెత్తింది. అతను సీసం పట్టీని వేళ్ల మధ్య తిప్పుతూ, తన తాత చెప్పింది చెప్పాడు. చర్చి కట్టకముందు ఆ నేల మీద, మంత్రగత్తెలని నింద వేసి ఆడవాళ్లను కాల్చేవారు. వాళ్ల బూడిదంతా ఆ నల్లరాయి కింద ఉంది. ఆ బూడిదను నుదుట రాసుకున్నవాడికి వాళ్లంతా బానిసలవుతారు. ఆ రాయిని లేపగలిగేది ఆ ఎరుపులో జ్ఞానస్నానం పొందిన చేయి ఒక్కటే.

"కట్టినవాళ్లు ఇంకో మాట కూడా అన్నారట. ఆ రాయికి తెల్లటి ఎండ తగలనివ్వొద్దని."

"నిన్న తగిలిందిగా! తగిలితే ఏమవుతుంది?"

"మా తాత అడగలేదే. నేనూ అడగలేదు."

శనివారం ఆకాశం మధ్యాహ్నానికే నల్లబడింది. సరస్సు మీద ఈగల గుంపులు పొగ స్తంభాల్లా లేచాయి. గంటస్తంభం మీద పట్టపగలు ఒక గుడ్లగూబ వచ్చి వాలింది. అరవలేదు... కిందకే చూస్తూ కూర్చుంది.

పిల్ల తిరిగి దక్కుతుందేమోనని ఎనిఫా నాలుగింటికి కూతురిని చర్చిలోకి మోసుకొచ్చి, తలుపు తీసి ఉంచింది. గ్వాజా గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. సంచిలోంచి ఒక మనిషి కపాలాన్ని తీశాడు. దాని కుడి కంటిగుంటలో, కిటికీలోంచి కోసిన తియంజానే ఎర్రగాజు ముక్క బిగించి ఉంది. కపాలాన్ని తన ముఖానికి ఎత్తి, ఆ గాజులోంచి పిల్లను చూశాడు.

తియంజానే లేచింది. ఎనిఫా కూతురి నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. పిల్ల ఆమెను తడిగుడ్డలా ఈడ్చుకుంటూ నడిచింది. ఎనిఫా విడవలేదు. మోకాళ్లు నేలకు గీసుకుపోయాయి. పరలోక ప్రార్థన మొదటి మాట కోసం వెతుక్కుంటే, చిన్నప్పటి నుంచి వచ్చిన ఆ మాట గుర్తుకు రాలేదు.

"వదిలెయ్, తల్లీ," అన్నాడు గ్వాజా, విసుగ్గా. "చెయ్యి విరుగుతుంది."

పిల్ల ఉత్త చేతులతో నల్లరాయి అంచు పట్టుకుంది. గోళ్లు చిట్లాయి. నలుగురు మగవాళ్లు కదిలించలేని రాయి పక్కకు ఒరిగింది. లోపల మెత్తటి బూడిద. గ్వాజా మోకరించి, మంత్రం గొణుగుతూ, వేళ్లు అందులో ముంచాడు.

అప్పుడు సరస్సు మీద ఒక్క ఉరుము... మబ్బు చీలింది.

కిటికీలో అతను కోసిన ఖాళీలోంచి ఎండ దూసుకొచ్చింది. ఏ రంగూ అంటని తెల్లటి ఎండ. నేరుగా రాయి కింది గుంటలో పడింది.

మంట రాలేదు. గడ్డి కాలిన వాసన వచ్చింది. బూడిద పైకి లేచింది. లేచినదానికి వేళ్లున్నాయి, మణికట్లున్నాయి. అవి గ్వాజా చేతిని పట్టుకున్నాయి, కోపంగా కాదు, దారి తప్పినవాణ్ణి ఇంటికి తీసుకెళ్తున్నట్టు. నేల కింద నుంచి ఎంతోమంది ఆడగొంతులు ఒక్కటే అడిగాయి.

"మా పేర్లు చెప్పు."

గ్వాజాకు ఒక్క పేరూ తెలియదు. తెలిసిన మంత్రాలన్నీ చదివాడు. తర్వాత అరిచాడు... ఆ అరుపుకు కపాలం పగిలింది, ఎర్రగాజు పొడిపొడి అయి గుంటలో రాలింది. అతని మోచేయి, భుజం, తల ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయాయి. రాయి తనంతట తాను మూసుకుంది.

మబ్బు కమ్ముకుంది. గుమ్మం దగ్గర బూట్లు మాత్రం మిగిలాయి.

తియంజానే బతికింది. తినిపిస్తే తింటుంది. చేయి పట్టుకుంటే నడుస్తుంది. తల్లిని మాత్రం గుర్తుపట్టదు. రంగు తిరిగి పడితే పిల్ల తిరిగి వస్తుందని ఊరంతా అన్నారు. ఫాదర్ ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాశాడు. ఏడు నెలలకు, రంపపు పొట్టులో చుట్టిన ఎర్రగాజు పడవలో వచ్చింది. తాత కంటికి పాతదానికీ దానికీ వెంట్రుకంత తేడా కనిపించలేదు.

కసింజే తాత నిచ్చెన వేశాడు. సీసం కరిగింది. నాలుగు కావస్తోంది. ఎనిఫా కూతురిని నల్లరాయి పక్కన కూర్చోబెట్టి, ఎరుపు పడే చోటికి ఆమె నుదురు వంచింది.

తియంజానే రాయికి చెవి ఆనించింది. ఏడు నెలల తర్వాత, తన సొంత గొంతుతో మాట్లాడింది.

"ఆ ఖాళీ మూయించకమ్మా. వాళ్లు వాణ్ణి పట్టుకుని ఉన్నారు. ఎండ తగలకపోతే చేతులు జారిపోతాయట."

ఎనిఫా ఆమె గడ్డం పట్టుకుని ఎత్తింది. పేరు పెట్టి పిలిచింది. ఆ కళ్లు అప్పటికే మళ్లీ ఖాళీ అయ్యాయి.

నిచ్చెన మీంచి తాత "ఏం చెయ్యమంటావే?" అని అడిగాడు. ఆమె పైగుడ్డ విప్పి పట్టింది. అతను దిగివచ్చాడు.

ఎర్రగాజు ఎనిఫా పైగుడ్డలో చుట్టి బలిపీఠం వెనక ఉంది. దాన్ని ఇంకా బిగించలేదు.