మునెమ్మ మిద్దె మీద వరుగు

పొద్దున్నే ఆరింటికల్లా మునెమ్మ రెండో గంప నిండా వంకాయలు కోసుకుని ఇల్లు చేరింది. మొదటి గంప అప్పటికే వసారాలో ఉంది. నిన్నటి మటిక్కాయలు, అదే గోరుచిక్కుళ్లు, మొన్నటి టమోటాలు ఇంకో మూల కుప్పగా పడి ఉన్నాయి. సింహాద్రిపురం దగ్గర ఆ పల్లెలో ఆమె కాయలు పంచని ఇల్లు లేదు. ఇప్పుడు గంపతో ఆమె వస్తుంటే చూసి తలుపులు వేసుకునే దాకా వచ్చింది వ్యవహారం. పులివెందుల మార్కెట్లో అడిగితే ఆటో బాడుగ కూడా రాదన్నారు.

ఆ తోట ఆమె భర్త కాటమయ్య వేసింది. బోరు పక్కన పది సెంట్లలో నారు నాటిన పన్నెండో రోజు, గొర్రెలకు నీళ్లు పెడుతూ కూలబడి మళ్లీ లేవలేదు. శివరాత్రికి ముందు సంగతి అది. సరిగ్గా ఏడ్చే తీరిక కూడా లేకుండా నీళ్లు కట్టి ఆ మొక్కలను బతికించింది మునెమ్మ. మొక్కలేమో పంతం పట్టినట్టు కాశాయి.

కోడలు కుసుమ కాఫీ గ్లాసు చేతికిస్తూ కుప్పల వంక చూసింది. ఆమెకు ఐదో నెల.

"ఇన్ని కాయలు ఏం చేస్తామత్తా?"

"వరుగు పెడతా. ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి మిద్దె మీద ఎండబెడితే వానకాలం, చలికాలం రెండూ గడిచిపోతాయి."

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా వడియం, అప్పడం, ఊరగాయ, వరుగు ఏదీ పెట్టరు. పెడితే ఆ ఇంటి నుంచి ఇంకో పీనుగ లేస్తుందని ఊరంతా నమ్ముతుంది. కాటమయ్య పోయి ఇంకా మూడు నెలలే.

దొడ్డి దగ్గర గొర్రెలను విప్పుతున్న కొడుకు తిరుపాల్ ఆ మాట విననే విన్నాడు.

"ఏంది మా నువ్వనేది? ఏడాది కాకుండా వరుగు పెడతావా? కుసుమ ఎట్లుందో కనపడల్యా నీకు?"

"కనపడతాంది. దానికే పెడతాండా. కాన్పయినాక ఏం తింటాది?"

"వద్దంటే వద్దు. రేపు పొద్దున జీవాలను ఆ తోటలోకి తోలుతా. పూటలో మొదలంటా మేసేస్తాయి. పీడ పోతాది."

"పీడనా? మీ నాయన ఏసిన తోట నీకు పీడనా?"

తిరుపాల్ మందను తోలుకుని వెళ్లిపోయాడు. తండ్రి పోయినప్పటి నుంచి వాడికి అన్నిటికీ భయమే. పిల్లి ఎదురొచ్చినా కుసుమ ఆసుపత్రి ప్రయాణం ఆపేస్తున్నాడు.

గోడ అవతల నుంచి ఇదంతా విన్న ఖాతూన్‌బీ తల బయటపెట్టింది. "యాల కొట్లాట మునెమ్మా? మా మిద్దె మీద ఆరబెట్టుకో. మాకు ఆ పట్టింపుల్యా. ఎవురన్నా అడిగితే మాయేనని చెప్తా."

ఆమె మంచి మనసుతోనే అంది. ఇలాంటప్పుడు నలుగురూ పట్టే దారి కూడా అదే. కానీ మునెమ్మకు చుర్రుమంది.

"నేనేమన్నా దొంగ సొత్తు తెచ్చినానా ఖాతూన్‌బీ? నా మొగుని తోటలో కాయలు. నా మిద్దె మీదనే ఎండాల."

కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి వంకాయ ముక్కలు, మటిక్కాయలు, టమోటా చెక్కలు మిద్దె మీద పాత చీర వేసి దాని నిండా పరిచింది. వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూసి గుసగుసలాడుకున్నారు. చూడనీ అనుకుంది మునెమ్మ. కొంగు నడుముకు చెక్కి నిలబడి ఇంకా బాగా కనపడేట్టు ముక్కలు తిరగేసింది.

అన్నానికి వచ్చిన తిరుపాల్ మెట్లన్నీ రెండంగల్లో ఎక్కాడు. పరిచిన చీర అంచు పట్టుకుని గుంజబోయాడు. మునెమ్మ వెళ్లి ఆ చీర మధ్యలో కూర్చుంది.

"లెయ్ మా."

"లెయ్యను. గుంజు, నాతో కలిపి గుంజు."

"నా బిడ్డకేమన్నా అయితే ఎవురు జవాబు చెప్పేది? నాయన పోయినాడు. ఇంకొకరు పోతే నేను తట్టుకోలేను!" తిరుపాల్ చీర అంచు ఇంకా వదల్లేదు.

మునెమ్మ మనసు ఒక్కసారిగా మెత్తబడింది. కొడుకు కోపం కాదు అది, వణుకు అని ఆమెకు అప్పుడే అర్థమైంది.

"కూర్చో నాయనా. మీ జేజి, అదే మీ నాయన అమ్మ, నేను కడుపుతో ఉన్నెప్పుడే పోయింది. ఆ ఏడు వానల్యా. గడ్డి కోసం మీ నాయన మందను కర్నూలు దిక్కు తోలుకుపోవాల. ఇంట్లో నాకు తిండేది? పోయే ముందు వారం రోజులు కూర్చుని వంకాయలు కోసి, మన దొడ్డి కప్పు మీద ఎవురికీ కనపడకుండా వరుగు ఎండబెట్టినాడు. ఏడాది కాల్యా అప్పటికి. ఊరికి తెలిస్తే బతకనీరని నాతో ఒట్టు ఏపించుకున్నాడు. ఆ వరుగు కూరే తిని నిన్ను కన్నా. ఆ పొద్దు కడుపులో ఉన్నోడివి నువ్వేరా."

తిరుపాల్ చేతిలోంచి చీర అంచు జారిపోయింది.

"ఆయప్ప భయపడి దాచుకున్నాడు. నేను దాచను. ఇట్లాంటి భయానికి ఆయప్ప కడసారి కష్టాన్ని గొర్రెల పాలు చెయ్యను."

మెట్ల మీద ఎప్పుడు వచ్చి నిలబడిందో కుసుమ, పైకి వచ్చి అత్త పక్కన కూర్చుంది. ఒక మటిక్కాయ తీసి తిరగేస్తూ మొగుడి వైపు చూసింది. "బిడ్డను మోస్తాండేది నేను మామా. నాకు లేని భయం నీకెందుకు?"

తిరుపాల్ తల్లి ఒళ్లో తల పెట్టి, తండ్రి పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు. మునెమ్మ కూడా ఏడ్చింది, మూడు నెలల తర్వాత, మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూసేట్టు.

మర్నాడు పొద్దున తోటకు వెళ్లింది తిరుపాలే. జీవాలు దొడ్డిలోనే ఉన్నాయి. గంప నిండా వంకాయలు కోసి నెత్తిన పెట్టుకున్నాడు. ఇంటికి వెనక సందులోంచి దగ్గర దారి ఉంది. అయినా నడివీధిలోంచే వచ్చాడు. రచ్చబండ దగ్గర పెద్దాయన ఒకరు ఆపారు.

"ఏందప్పా తిరుపాలూ, ఏడాది కాల్యా గదా. యాడికి ఆ కాయలు?"

"మా మిద్దె మీదికి మామా. వరుగు పెడతాండాం," అన్నాడు తిరుపాల్, వీధి చివరి దాకా వినపడేలా.