కూకుడుగువ్వ గుడ్లకు పాలిష్

మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్న ఇంట్లో పుట్టినవాడికి ముక్కే పెట్టుబడి. గుప్పెడు బియ్యం వాసన చూసి పాతవో కొత్తవో, తడి తగిలిందో లేదో చెప్పేస్తాడు సాయిచరణ్. అలాంటివాడి ముక్కు ఆ పొద్దున గోదాము వెనక్కి వెళ్లగానే అదిరిపోయింది. ఎక్కడో ఎలుక చచ్చిందనుకున్నాడు. తీరా చూస్తే గోడకు నిచ్చెన, నిచ్చెన మీద ఒక అమ్మాయి. ఆ అమ్మాయి చెయ్యి మోచేతి దాకా గోడ బొక్కలో ఉంది.

“ఏయ్ మేడమ్! ఏం దీస్తున్నరు గాడ?”

“బ్యాక్టీరియా,” అందామె వెనక్కి తిరక్కుండానే.

“దొంగలు ఏమేమో చెప్తరు గానీ, గీ మాట నేనెప్పుడు ఇనలే.”

“దొంగనా నేను? మిల్లు సత్యనారాయణ గారిని అడిగే ఎక్కానండి. నిచ్చెన కూడా ఆయనే ఇప్పించారు. ఊరికే నిలబడకపోతే కాస్త పట్టుకోవచ్చుగా, ఊగుతోంది!”

పట్టుకున్నాడు. ఆ సత్యనారాయణ కొడుకును నేనే అని చెప్పుకునే సందు కూడా దొరకలేదు పాపం.

ఆమె కిందికి దిగింది. పేరు రచన, ఊరు కోదాడ. హైదరాబాద్‌లో రీసెర్చ్ చేస్తోంది. ఆ బొక్కలో కూకుడుగువ్వ గుడ్లు పెట్టి పొదుగుతోందట. తల మీద విసనకర్రలా విచ్చుకునే కుచ్చు, రెక్కల మీద నలుపు తెలుపు చారలు ఉండే పిట్ట అది.

“పిట్టేమో సోకుగ ఉంటది. గింత కంపేంది?”

“దాని తోక మొదట్లో నూనె తిత్తి ఉంటుంది. పొదిగే రోజుల్లో ఆ తిత్తిలో బ్యాక్టీరియా కాపురం పెడతాయి. ఈ కంపు వాటిదే.”

“అయ్యో! మరి దవాఖానకు తీస్కపోవాలె కదా?”

రచన పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఇంకా ఏవేవో చెప్పింది. మనవాడు ఆ బుగ్గ సొట్ట చూస్తూ ఉండిపోయాడు. చెప్పినదాంట్లో ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి కోదాడ బస్సు దిగి రచన వచ్చేది. గూట్లో దూదిపుల్ల పెట్టి, రాసి, గొట్టంలో వేసుకునేది. సాయిచరణ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిచ్చెన కింద హాజరయ్యేవాడు. హమాలీలు ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకునేవాళ్లు.

“మీకు మిల్లులో వేరే పనేం లేదాండీ?”

“ఇదే పని. నిచ్చెన పట్టుడు.”

“జీతం ఎంతో?”

“మీరు జర నవ్వితే ఇచ్చినట్టే.”

“అయితే ఈ నెల జీతం కోత,” అని రచన మాస్కు పైకి లాక్కుంది. మాస్కు వెనక నవ్వుతోందని కళ్లు చెప్పేస్తూనే ఉన్నాయి.

ఇలా హాయిగా సాగుతుండగా బియ్యం చూడ్డానికొచ్చిన బ్రోకరొకడు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు. సత్యనారాయణకు ఒళ్లు మండింది.

“ఆ కంపు బియ్యానికి పట్టిందంటే మన పేరు ఖతం. ఎల్లుండి మేస్త్రీని రమ్మన్న. సిమెంటు కొట్టి బొక్క మూసుడే!”

సాయిచరణ్‌కు రాత్రంతా నిద్ర లేదు. బొక్క మూస్తే పిట్ట ఉండదు. పిట్ట లేకపోతే రచన రాదు. కంపు పోతే నాన్న ఊరుకుంటాడు కదా అనుకున్నాడు. ఇంత తెలివి తనకెలా వచ్చిందా అని తనకే ముచ్చటేసింది.

పొద్దున్నే పిట్ట పురుగుల వేటకు పోవడం చూసి నిచ్చెనెక్కాడు. గుడ్లు ముదురు గోధుమ రంగులో జిడ్డుజిడ్డుగా ఉన్నాయి. తవుడు పోని బియ్యం చూస్తే మిల్లువాడి చెయ్యి ఊరుకుంటుందా? గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ తెచ్చి ఒక్కో గుడ్డునూ పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు తుడిచాడు. లేత నీలం రంగు బయటపడి తళతళ మెరిశాయి. గూడు అంచులు కూడా తుడిచి, తృప్తిగా దిగాడు.

రచన రాగానే ఎదురెళ్లాడు. “వాసన సూడుండ్రి మేడమ్! ఏమన్న వస్తుందా?”

ఆమె నిచ్చెనెక్కి లోపలికి చూసింది. మొహం పాలిపోయింది.

“ఏం చేశారండీ?”

“పాలిష్ పట్టిన.”

“అయ్యో రామా! ఆ జిడ్డే వాటి కవచం! తల్లి ఆ నూనెను ముక్కుతో తీసి గుడ్లకు పూస్తుంది. అందులోని బ్యాక్టీరియా వేరే క్రిములను రానివ్వదు, గుడ్లు చెడిపోకుండా కాస్తుంది. మొదటి రోజే చెప్పాను కదా!”

“అప్పుడు మీరు నవ్వుతున్నరు. నాకు ఇంకేం ఇనబడలే.”

ఇంకో రోజైతే ఆ మాటకు సిగ్గుపడేదే. ఇప్పుడు కళ్లనిండా నీళ్లొచ్చాయి. “సూర్యాపేట నుంచి మఠంపల్లి దాకా తిరిగాను. చేతికందే గూడు ఇదొక్కటే దొరికింది. పిల్లలు పుడితేనే నా పని నిలుస్తుంది. తల్లి ఇక రాకపోతే అంతా పోయినట్టే.”

అప్పుడే వేసవి వాన ఒక్కసారిగా దంచింది. ఇద్దరూ రేకుల కింద చెరో మూల నిలబడ్డారు. పిట్ట వచ్చి ప్రహరీ మీద వాలింది. కుచ్చు విప్పింది, ముడిచింది. బొక్క దాకా పోయి వెనక్కొచ్చింది. సాయిచరణ్ ఊపిరి బిగబట్టి, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. చివరికి అది తడిసిన రెక్కలు దులుపుకుని లోపలికి దూరింది.

“పోయింది! లోపలికి పోయింది!” అని ఎగిరి గంతేశాడు.

రచన మాత్రం నవ్వలేదు. “వస్తే చాలదు, మళ్లీ జిడ్డు పుయ్యాలి. కంపు వస్తే ఫోన్ చెయ్యండి. ఇంక దేనికీ చెయ్యకండి.” వానలోనే వెళ్లిపోయింది.

మర్నాడు మేస్త్రీ సిమెంటు కలుపుతుంటే సాయిచరణ్ గోడకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఈ బొక్క మూస్తే నేను మిల్లుల కాలు పెట్ట నాన్నా.”

“పిట్ట కోసం నాతోని కొట్లాడ్తవార?”

“పిట్టకు నేనే అన్యాయం చేసిన. ఆమెకు గూడ చేసిన. రచనంటే నాకు పాణం నాన్నా.”

నాన్నకు ఎప్పుడూ ఎదురు చెప్పని కొడుకు. సత్యనారాయణ కాసేపు వాడి మొహంలోకి చూసి, మేస్త్రీ వైపు తిరిగాడు. “ఆ సిమెంటు బాత్రూం గోడకు కొట్టు. ఒరేయ్, గీడున్న బియ్యం ముంగటి గోదాముకు మార్పియ్యి. పిల్లలు ఎగిరిపోయేదాక సూస్త.”

అప్పట్నుంచి సాయిచరణ్‌కు తెల్లారగానే అదే పని. బొక్క కింద నిలబడి గుండెల నిండా పీల్చేవాడు. తవుడు వాసన, బాయిలర్ పొగ, అంతే. ఉసూరుమని టీ కూడా తాగేవాడు కాదు. ఒక పొద్దున ఎప్పట్లాగే పీల్చాడు. కడుపులో తిప్పింది. ఎంత హాయిగా తిప్పిందో! ఫోన్ తీశాడు.

“రచన గారూ! కంపొచ్చింది! భలే కంపు! ముక్కు పగిలిపోతుంది!”

“నిజంగానా? ఎంత ఉంది?”

“రాత్రి తిన్న బువ్వ బయటికొచ్చేటట్టుంది!”

అటువైపు నుంచి ఆ పాత నవ్వు వినిపించింది. “వచ్చే బస్సుకే వస్తున్నా!”

గుడ్లు మళ్లీ గోధుమ రంగుకు తిరిగాయి. ఒక్కటి మాత్రం పిల్ల కాలేదు, దానికి సాయిచరణ్ చాలా బాధపడ్డాడు. మిగతావన్నీ పిల్లలై బుసబుసమని అరవడం మొదలుపెట్టాయి.

“గీ పిట్టల కోసమా గింత లొల్లి? సూడనీ,” అంటూ సత్యనారాయణ నిచ్చెనెక్కి బొక్కలోకి తొంగిచూశాడు. లోపలి పిల్లలు వెనక్కి తిరిగి సర్రున రెట్ట చిమ్మాయి. ఆయన తెల్లచొక్కా, కింద నిచ్చెన పట్టుకున్న కొడుకు నెత్తి, రెండూ ఖరాబయ్యాయి.

“థూ! ఏందమ్మా ఇది?”

“భయమేస్తే అంతేనండి, అదే వాటి ఆయుధం,” అంది రచన నవ్వు ఆపుకోలేక.

సత్యనారాయణ కిందికి దిగి, చొక్కా దులుపుకుంటూ అడిగాడు. “మీ నాయన ఏం జేస్తడు బిడ్డా?”

“మా కోదాడ పక్కనే, అనంతగిరిలో వ్యవసాయం అండీ. వరి వేస్తారు.”

“ఆదివారం మేము వస్తున్నమని చెప్పు. వడ్ల కోసమనుకునేరు, మావోని కోసమని చెప్పు.” ఆయన నీళ్ల తొట్టి వైపు నడిచాడు.

సాయిచరణ్ నెత్తి తుడుచుకుంటూ రచన వైపు తిరిగాడు. “నాన్న అన్నడని కాదు. మీకిష్టం లేకుంటే ఇప్పుడే చెప్పుండ్రి. నేను చేసిన పనికి మీరు కాదన్నా నాకేం కోపం లేదు. కానీ నాకు మాత్రం మీరంటే చాలా ఇష్టం.”

రచన మాస్కు కిందికి లాక్కుంది. “ఆ రోజు మీరు ఫోన్ చేశాక బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటున్నానని అందరూ నన్నే చూశారు. గుడ్లు బతికాయనే అంత సంతోషమా అని నన్ను నేనే అడిగాను. కాదని మిర్యాలగూడ వచ్చేలోపే తెలిసిపోయింది.”

“అంటే?”

“అంటే ఇష్టమే. ఆదివారం భోజనానికే రండి. దయచేసి, స్నానం చేసి రండి.”