తొలి చుక్క

వెర్నీస్ పరుగెడుతోంది.

కాళ్లకి చెప్పుల్లేవు. కింద ఇసుక పెనంలా కాలుతోంది. నడినెత్తిన సూర్యుడు.

ముందు… యాభై గజాల దూరంలో… తెల్ల టోపీ!

టోపీ చెట్లలోకి దూరింది. మాయమైంది. మళ్లీ కనబడింది.

"ఆగు!"

వాడు ఆగలేదు.

వెనక బీచ్‌లో టూరిస్టుల కేరింతలు. బొగ్గుల మీద చికెన్ కాలుతున్న వాసన. లంగరేసిన కాటమరాన్ పడవ మీంచి కెప్టెన్ గొంతు చించుకుంటున్నాడు.

"వెర్నీ! ఎక్కడికే ఆ పరుగు? భోజనాలు నీ బాబొచ్చి వడ్డిస్తాడా?"

ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే వాడు పోతాడు. వాడు పోతే జైల్లో ఉన్న అన్నయ్య అక్కడే చస్తాడు.

వాడు దొరకాలి. ప్రాణాలతో దొరకాలి.

ఎందుకంటే ఆమె పరుగెడుతున్నది చచ్చినవాడి వెంట.

పదకొండేళ్ల క్రితం చచ్చిపోయినవాడి వెంట!

*

గంట క్రితం వరకూ అది మామూలు శనివారమే.

పొద్దున ఎనిమిదిన్నరకి రేవు నుంచి బయల్దేరారు. నలభై రెండు మంది. వెర్నీస్ ఈ పడవలో తొమ్మిదేళ్లుగా చేస్తోంది. రోజూ అదే పాఠం.

"లైఫ్ జాకెట్లు సీట్ల కింద. టాయ్‌లెట్ మెట్లు దిగాక కుడివైపు. ఈ ఆరెంజ్ పెట్టె ఎమర్జెన్సీది. ఇందులో ఎర్ర పిస్తోలు ఉంటుంది. ఆపదలో గాల్లోకి కాలిస్తే నిప్పు లేస్తుంది, ఎంత దూరానికైనా కనిపిస్తుంది. కొత్త పెళ్లికొడుకులూ… ఆపదంటే మీ ఆవిడ కోపం కాదు."

అందరూ నవ్వారు.

ఒక్కడు నవ్వలేదు. తెల్ల టోపీ, నల్లకళ్లద్దాలు, నెరిసిన గడ్డం. లిస్టులో పేరు పెరీ. ఊరు టొరంటో. ఒంటరిగా వచ్చాడు.

"మా ద్వీపానికి మొదటిసారా సార్?" అని అడిగింది.

"మొదటిసారే," అన్నాడు ముక్కుతో మాట్లాడుతూ.

పదకొండింటికి పడవ ఆన్స్ గాలే ముందు నుంచి పోతోంది. బెస్తల ఊరు. గట్టు మీద శ్మశానం. అక్కడ నల్లబట్టల్లో ఓ పదిమంది. తవ్విన గొయ్యి. పక్కన చెక్క శవపెట్టె.

"పాట ఆపు!" అన్నాడు కెప్టెన్ ఇగ్నేషియస్. టోపీ తీసి ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఈ తీరంలో శవం కనిపిస్తే ఏ పడవైనా పాట ఆపాల్సిందే.

"తెరేజమ్మ కదూ?" అంది వెర్నీస్.

"ఆవిడే. రేడియోలో చదివారుగా."

ఆమె కూడా వింది. మంగళవారం సాయంత్రం చావు కబుర్లలో. "ఆన్స్ గాలే వాస్తవ్యురాలు తెరేజ్ హిప్పొలైట్, ఎనభై ఒక్క ఏళ్లు… కీర్తిశేషుడు లైనస్‌కి తల్లి…" ఆ పేరు దగ్గర వెర్నీస్ రేడియో కట్టేసింది. అంత్యక్రియలకి వెళ్లే మొహం లేక డ్యూటీకి వచ్చింది.

"చర్చి గంట మోగట్లేదేంటి కెప్టెన్? ఫాదర్ కూడా కనబడడు?"

"ఏదో పనిమీద పోయుంటాడు. నీకెందుకే ఆ ఆరాలు? వెళ్లి రమ్ము పంచు."

అంతలో కుడివైపు డాల్ఫిన్లు! జనమంతా అటు ఉరికారు. పడవ ఒక పక్కకి ఒరిగినంత పనైంది.

పెరీ ఒక్కడే ఎడమవైపు నిలబడ్డాడు. శ్మశానం కేసి చూస్తూ.

అతను అడిగిన చిన్న రమ్ము సీసా వెర్నీస్ తెచ్చి ఇచ్చింది. మూత తిప్పాడు. నోటి దగ్గర పెట్టుకోబోయాడు…

ఆగాడు.

సీసా వంచాడు. ఒక్క చుక్క సముద్రంలో పోశాడు.

వెర్నీస్ అది చూసింది.

కొత్త సీసా విప్పితే తొలి చుక్క పోయినవాళ్లది. ఈ ద్వీపంలో పుట్టినవాడి చేతికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మొదటిసారి వచ్చిన టొరంటో పెరీకి ఎవరు చెప్పారు?

ఆమె కళ్లు ఆ చేతి మీదికి పోయాయి. బొటనవేలికి గోరు లేదు!

లంగరు తాడు పడి ఊడిన గోరు. ఆ రోజు నెత్తురు తుడిచి కట్టు కట్టింది తనే.

చేతిలో ట్రే జారిపోయింది.

అతను తిరిగి చూశాడు.

"లైనస్…" అంది.

అతను జనంలోకి వెళ్లిపోయాడు.

ఆమె కెప్టెన్ దగ్గరికి పరిగెత్తింది. "కెప్టెన్! వాడు లైనస్!"

"ఏ లైనస్?"

"చచ్చిపోయిన లైనస్!"

"ఎండదెబ్బ తగిలిందే నీకు. కాసిని నీళ్లు తాగు."

ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. ఆ కొండల మధ్య ఎప్పుడూ ఉండదు. పక్క బీచ్‌లో పడవ ఆగగానే అందరికంటే ముందు నిచ్చెన దిగిందీ, చెట్లకేసి పరుగు తీసిందీ… తెల్ల టోపీయే!

*

లైనస్ ఆమెకి కాబోయే మొగుడు. మూడు వారాల్లో పెళ్లనగా పోయాడు.

ముందురోజు సాయంత్రం ఆమె అన్న క్లోవిస్‌కీ అతనికీ రేవు మీద గొడవైంది. తెల్లారేసరికి లైనస్ పడవ నడిసముద్రంలో తేలుతోంది. పడవ నిండా రక్తం. మనిషి లేడు.

కోర్టులో అడిగారు. వెర్నీస్ చెప్పింది. "అవును. ఆ రాత్రి మా అన్న చొక్కా మీద రక్తం చూశాను."

ఆ ఒక్క మాటతో క్లోవిస్‌కి యావజ్జీవం పడింది.

"నేను చంపలేదే చెల్లీ!" అని అరుస్తూ పోయాడు. ఆమె తల తిప్పుకుంది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా జైలుకి వెళ్లలేదు. అతను రాసిన ఉత్తరాలు విప్పకుండా బిస్కెట్ డబ్బాలో పడేసింది.

సీసా విప్పిన ప్రతిసారీ తొలి చుక్క మాత్రం లైనస్‌కే పోసింది. ఎన్ని వేల చుక్కలు! తలుచుకుంటే ఆమెకి తన చేతుల మీద తనకే అసహ్యం వేస్తోంది.

*

మేకల బాట. నిట్టనిలువు కొండ. అవతల దిగితే ఆన్స్ గాలే శ్మశానం.

ముళ్లు గీరుకుపోతున్నాయి. అరికాలు చీలింది. అయినా ఆగలేదు.

దూరం తగ్గుతోంది. ముప్ఫై గజాలు. ఇరవై. పది!

కొండ నెత్తి మీద లైనస్ ఆగాడు. గిర్రున తిరిగాడు.

చేతిలో ఎర్ర పిస్తోలు!

పొద్దున ఆమె చూపించిన పిస్తోలే. దిగేముందు పెట్టెలోంచి కొట్టేసుంటాడు.

"వెనక్కి పో వెర్నీ!"

ముక్కుతో మాట్లాడటం లేదు. అచ్చంగా ఆన్స్ గాలే గొంతు.

"పేరు గుర్తుందే నీకు!" ఆమె రొప్పుతోంది. "మా అన్న పేరు గుర్తుందా? జైల్లో ఉన్నాడు. నిన్ను చంపాడని!"

"తెలుసు."

"తెలుసా?!"

"అక్కడ రోజూ ఫోన్‌లో మన రేడియో వింటా. అన్నీ తెలుసు."

"తెలిసి… ఊరుకున్నావా?"

"ఏం చెయ్యమంటావే?" అరిచాడు. "పక్క ద్వీపం మార్టినిక్ ముఠా మత్తు సరుకు మోశాను. పోగొట్టాను. నన్ను ముక్కలు చేసేవాళ్లు. చచ్చినవాణ్ని ఎవరూ వెతకరని చెయ్యి కోసుకుని పడవలో రక్తం పోశాను. క్లోవిస్ మీదికి పోతుందని అనుకోలేదు!"

"మరి వాడి చొక్కా మీద రక్తం?"

"సాయంత్రం కొట్టుకున్నాంగా. నా ముక్కు పగిలింది. అంతే."

అంతే!

వెర్నీస్‌కి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది.

"రా," అంది. చెయ్యి చాపింది. "కిందికి రా లైనస్. పదిమంది ముందు నీ పేరు చెప్పు. ఒక్కసారి. చాలు. నిన్ను ఇంకేమీ అడగను."

"చెబితే వాళ్లకి తెలిసిపోతుంది. చంపేస్తారు."

"మరెందుకొచ్చావు?"

అతను కళ్లద్దాలు తీశాడు.

"అమ్మని చూడ్డానికి. దూరం నుంచి చూసి పోదామనే పడవెక్కాను. పెట్టె చూశాక మనసాగలేదు. ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేసేవాణ్ని వెర్నీ. మాట్లాడేవాణ్ని కాదు. అమ్మ 'అలో… అలో…' అనేది. పెట్టేసేది మాత్రం కాదు. నేను పెట్టేదాకా అలా పట్టుకునే ఉండేది."

ఏడుస్తున్నాడు. పిస్తోలు మాత్రం దించలేదు.

వెర్నీస్ ఒక అడుగు వేసింది.

"రావద్దు!"

ఇంకో అడుగు.

"కాలుస్తా! ఒట్టు!"

"కాల్చు. నీకోసం పదకొండేళ్లు చుక్కలు పోశాను. ఇంకేం మిగిలిందని?"

పిస్తోలు గొట్టం ఆమె గుండెకి మూరెడు దూరంలో ఉంది. అతని వేలు బిగుస్తోంది…

సరిగ్గా అప్పుడే…

అతని భుజం మీంచి, అవతలి వాలులో… వెర్నీస్‌కి ఏదో కనిపించింది.

ఆమె నోరు తెరుచుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా దగ్గరా ఈ నాటకాలు?" అన్నాడు లైనస్. "వెనక ఎవరూ లేరు."

"టీ-లిన్!"

ముసలి గొంతు. మెత్తగా, ఆయాసపడుతూ.

ఆ ముద్దుపేరుతో అతన్ని పిలిచే మనిషి లోకంలో ఒక్కతే. ఆ మనిషి కింద పెట్టెలో ఉంది!

లైనస్ కెవ్వుమన్నాడు. గిర్రున తిరిగాడు…

ఢాం!

ఎర్రటి నిప్పు. పొగ. గంధకం వాసన.

పొగలో ఒక ముసలావిడ. చావుకని కుట్టించుకున్న తెల్ల గౌను. ఛాతీ దగ్గర గౌను కాలుతోంది.

తెరేజమ్మ మోకాళ్ల మీద కూలింది.

"అమ్మా!!"

పిస్తోలు విసిరేశాడు. చేతులు కాలుతున్నా నిప్పు ఆర్పుతున్నాడు. తల ఒళ్లోకి తీసుకున్నాడు. "నువ్వు… నువ్వు చచ్చిపోయావుగా అమ్మా… రేడియోలో చదివారుగా…"

కింద నుంచి నల్లబట్టలవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ముందు గోతులు తవ్వే అల్సీడ్.

"పోలీసులకి కబురు పంపాం, వాళ్లొచ్చేదాకా కిందే దాక్కోమన్నానుగా!" నెత్తి బాదుకుంటున్నాడు. "కొండ మీద వీణ్ని చూసి ఆగలేదు. నా కొడుకు నడక నాకు తెలీదా అంటూ ఎక్కొచ్చేసింది!"

"పెట్టెలో ఎవరు అల్సీడ్?" అంది వెర్నీస్.

"ఎవరూ లేరు వెర్నీ. ఖాళీ పెట్టె. ఉత్తుత్తి చావు. వీడు బతికున్నాడని ఈమధ్య ఈవిడ ఎంతమంది ఆఫీసర్లకి చెప్పినా నవ్వారు. 'నా చావు కబురు వింటే వస్తాడు, క్లోవిస్ బయటికొస్తాడు' అంది. అబద్ధానికి గంట కొట్టనన్నాడు ఫాదర్. మేం పదిమందిమే ఒప్పుకున్నాం."

వెర్నీస్ తెరేజమ్మ పక్కన కూర్చుంది. తను విప్పని ఉత్తరాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తోడబుట్టిన చెల్లెలు నమ్మని మాట ఈ ముసలావిడ నమ్మింది.

తెరేజమ్మ కళ్లు తెరిచింది. కొడుకు మొహం తడిమింది.

"చిక్కిపోయావురా…"

"మాట్లాడకమ్మా. డాక్టర్ వస్తాడు. మాట్లాడకు."

"ఫోన్‌లో ఊపిరి వింటే నాకు తెలీదట్రా వెధవా…" దగ్గింది. నోట్లోంచి రక్తం. "ఇప్పుడు నువ్వు మాట్లాడు. పేరు చెప్పు."

"అమ్మా…"

"క్లోవిస్ వాళ్లమ్మ నా ఒళ్లో ఏడ్చి ఏడ్చి పోయింది. నేను నోరు కుట్టుకుని కూర్చున్నానురా అప్పుడు. నిన్ను చంపుతారేమోనని. నా పాపం అది. పేరు చెప్పు."

"లైనస్…"

"గట్టిగా. అందరూ వినాలి."

"లైనస్ హిప్పొలైట్!" కొండ దద్దరిల్లేలా అరిచాడు. "నేను లైనస్ హిప్పొలైట్‌ని! నన్నెవరూ చంపలేదు! క్లోవిస్ నన్ను చంపలేదు!"

"విన్నారా?" అంది తెరేజమ్మ.

"విన్నామమ్మా," అన్నాడు అల్సీడ్ ఏడుస్తూ. "అందరం విన్నాం."

ముసలావిడ వెర్నీస్ కేసి చూసింది. ఏదో చెప్పబోయింది. వెర్నీస్ ఆ చెయ్యి పట్టుకుంది. వేళ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"గొయ్యి ఎలాగూ తవ్వేశారు…" అంది తెరేజమ్మ. చిన్నగా నవ్వింది.

ఆ నవ్వు అలాగే ఉండిపోయింది.

లైనస్ కదల్లేదు. పారిపోడానికి దారి ఖాళీగానే ఉంది. అటు చూడను కూడా లేదు. తల్లిని ఒళ్లో పెట్టుకుని ఊగుతున్నాడు. కింద రోడ్డు మీద పోలీసు జీపు సైరన్ వినిపిస్తోంది. కొండకి ఇవతల కెప్టెన్ శంఖం ఊదుతున్నాడు… భోజనాలయ్యాయి, టూరిస్టులు పడవెక్కాలని.

రమ్ము సీసా లైనస్ జేబులోంచి జారి గడ్డిలో పడింది. అల్సీడ్ తీశాడు. మూత తిప్పాడు. నేల మీదికి వంచబోయాడు.

"వద్దు అల్సీడ్," అంది వెర్నీస్. "ఆవిడ చుక్క కొడుకు పొద్దునే పోసేశాడు."