పదమూడో డబ్బా

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక, ప్లాస్టిక్ బిందెల దుకాణం పైన ఒక గది ఉంది. గాలిని లెక్కగట్టే ఆఫీసు అది. పాతబస్తీ సందుల్లో దుకాణాల చూర్లకు వేలాడదీసిన పన్నెండు డబ్బాలు, ఎక్కడ ఎంత పొగ ఉందో నిమిషనిమిషానికీ ఇక్కడి కంప్యూటర్‌కు చెబుతుంటాయి. పదమూడోది నిఖిలేష్ బల్ల మీద ఉంటుంది, పరీక్షల కోసం. నాలుగేళ్లుగా ఈ డబ్బాలన్నీ అతని చేతి కిందే. ఆఫీసు పెద్ద రవీందర్ సార్‌కు ఏం కావాలన్నా అతన్నే పిలిచేవాడు, మాహిరా వచ్చేదాకా.

ఆ పిల్ల వచ్చి నిండా ఆరునెలలు కాలేదు. ఎంత పొగో మాత్రమే కాదు, ఏ పొగో కూడా చెప్పే కంప్యూటర్ మోడల్ తయారుచేసింది. అంకె పెరిగినప్పుడల్లా పరుగున వెళ్లి చూసొచ్చి దానికో పేరు పెట్టేది. చెత్త మంట. టైర్ల మంట. లోబాన్, అంటే సాంబ్రాణి పొగ. ఆ మూడు పేర్లే వందలసార్లు చూపించి మిషన్‌కు నేర్పింది. "పుట్టి పెరిగిన గల్లీ కదా, ఆమె ముక్కుకు తెల్సు," అన్నాడు సార్ అందరి ముందూ. ఆ రాత్రి నిఖిలేష్‌కు అన్నం సయించలేదు. అసూయే అది. అతనికీ తెలుసు, కాకపోతే ఒప్పుకోడు.

లోబాన్ అంటే మహబూబ్ భాయే. ప్రతి గురువారం పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళ, గొలుసుకు వేలాడే కుంపటిలో సాంబ్రాణి చల్లుకుంటూ, నజర్, దిష్టి పోవాలని దుకాణం దుకాణానికీ పొగ వేసేవాడు. మాహిరా ఉద్యోగంలో చేరిన గురువారం ఈ గదికీ వచ్చాడు. అందరికీ వేసి, నిఖిలేష్ దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చాడు.

"లోపల మస్తు పొగున్నది, బేటా."

"నీ పొగతోని నా డబ్బా ఖరాబైతది. మళ్ల ఈ మెట్లెక్కకు," అని కసిరాడు నిఖిలేష్.

ముసలాయన మళ్లీ ఎక్కలేదు. మూడు వారాల కింద చనిపోయాడు. ఆ సందుల్లోకి ఇంకో లోబాన్‌వాలా రాలేదు.

అక్కడే నిఖిలేష్‌కు ఉపాయం తట్టింది. శుక్రవారం పెద్ద అధికారులు వస్తున్నారు. మాహిరా మోడల్ వాళ్లకు నచ్చితే పనంతా ఆమె చేతికి పోతుంది, తను ఆమె కింద పనిచేయాలి. గురువారం సాయంత్రం ఏడో డబ్బా కింద చిటికెడు సాంబ్రాణి కాలిస్తే చాలు. మోడల్ లోబాన్ అంటుంది. 'మనిషే లేడు, లోబాన్ ఎక్కడిది సార్? ఇది పొగను చదువుతలేదు, గురువారం ఆరింటిని బట్టీ పట్టింది' అని అందరి ముందూ నవ్వొచ్చు. ఆ నవ్వును రెండు రోజులుగా తలచుకుంటూనే ఉన్నాడు.

ఏడో డబ్బా లక్ష్మీకాంతమ్మ గాజుల దుకాణం చూరుకు ఉంది. గురువారం ఆరు కావస్తుండగా నిఖిలేష్ దాని కింద నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, డబ్బ ఖరాబైందా?"

"లేదమ్మా, తుడుస్తున్న."

ఆమె దీపం పెట్టడానికి లోపలికి వెళ్లింది. నిఖిలేష్ సంచీలోంచి మట్టి ప్రమిద తీశాడు. బొగ్గు, సాంబ్రాణి. అగ్గిపుల్ల గీయబోతుంటే, మోడల్ పంపిన కబురుతో జేబులో ఫోను అదిరింది.

ఒకటో డబ్బా. లోబాన్.

ఎవరో ఇంట్లో వేసుకుంటున్నారులే అనుకున్నాడు. మూడు నిమిషాలకు రెండో డబ్బా. లోబాన్. మరో మూడు నిమిషాలకు మూడోది. పుల్ల పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. దుకాణానికీ దుకాణానికీ మధ్య ఆ నడక అతనికి బాగా తెలుసు. నాలుగేళ్లు ప్రతి గురువారం తెర మీద చూసినదే.

నాలుగు... ఐదు...

సందు చివరికి చూశాడు. ఆటోలు, బండ్లు, బురఖాల్లో బేరమాడుతున్న ఆడవాళ్లు. పొగ లేదు. కుంపటి పట్టుకున్న మనిషి లేడు.

ఆరు.

ఆరో డబ్బా ఎదురుగానే ఉంది, పది అడుగుల దూరంలో. కాలిన సాంబ్రాణి వాసన గుప్పున వచ్చింది. గొలుసు చప్పుడైంది. లక్ష్మీకాంతమ్మ అలవాటుగా తలమీద కొంగు కప్పుకుని గడపలోకి వచ్చింది. వచ్చి, అక్కడే నిలబడిపోయింది.

"మహబూబ్ భాయ్ పోయిండు గద బిడ్డా..." గుసగుసగా అంది. "మరి గీ వాసనేంది?"

ఏడో డబ్బాకు ఫోను మోగలేదు. మూడు నిమిషాలు గడిచినా మోగలేదు. ఆరుకూ ఏడుకూ మధ్య ఏదో ఆగింది. అక్కడున్నది నిఖిలేష్ ఒక్కడే. అతని కడుపు దగ్గర చొక్కా వెచ్చబడింది...

ప్రమిద వదిలేసి పరిగెత్తాడు.

ఆఫీసులో మాహిరా సంచీ సర్దుకుంటోంది. "అన్నా, ఏమైంది? గంత చెమటేంది?"

"ఏం లేదు."

"సార్‌కు చెప్పిన అన్నా. రేపు వాళ్ల ముందు నువ్వే మాట్లాడు. డబ్బాలన్నీ నువ్వు పెట్టినవే కదా, నీ పేరే ముందుండాలె."

సంతోషం కలగాల్సిన మాట. కలగలేదు. నాకు దానం చేస్తోందా, అనుకున్నాడు. లోపల ఇంకాస్త భగ్గుమంది. బల్ల మీద పదమూడో డబ్బా అంకె ఎగిరింది. మాహిరా చూడలేదు. "ఖుదా హాఫిజ్ అన్నా" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

గదిలో అతనొక్కడే. కిటికీలు మూసే ఉన్నాయి. ఊపిరి వదిలితే అంకె పెరుగుతోంది. బిగబడితే తగ్గుతోంది. వదిలాడు. పెరిగింది. తెర మీద మోడల్ ఆ పొగకు పేరు రాసింది.

కడుపు మంట.

పేర్ల జాబితా తెరిచాడు. మూడే ఉండాలి. నాలుగున్నాయి. నాలుగో పేరు కింద తేదీలు, పేజీలకు పేజీలు. అన్నీ పదమూడో డబ్బావే. కిందికి జరిపాడు... ఇంకా కిందికి... మొట్టమొదటిది మాహిరా చేరిన గురువారం.

కింద గొలుసు చప్పుడైంది. మొదటి మెట్టు దగ్గరే ఆగింది. ఎక్కొద్దన్న మాట గుర్తున్నట్టు.

"బేటా..." చాలా మెల్లగా. "ఇప్పుడు ఎక్కాల్నా?"

నిఖిలేష్ రెండు చేతులతో నోరూ ముక్కూ గట్టిగా మూసుకున్నాడు. డబ్బా మీద అంకె పెరుగుతూనే ఉంది.