డబ్బా మీద కొడుకు పేరు

పొద్దున్నే కొడుకు స్నానాల గదిలోంచి బయటికొచ్చి, మూత బిగించిన చిన్న ప్లాస్టిక్ డబ్బాను కవర్లో చుట్టి తల్లి చేతికిచ్చాడు.

“తొమ్మిదింటికల్లా ల్యాబులో ఇచ్చెయ్యమ్మా. ప్రెస్సులో పాఠ్యపుస్తకాల పని, నేను కదల్లేను. తెరిచి చూసేవు, కళ్లు తిరుగుతాయి!”

“ఛీ, పొద్దున్నే ఏం మాటల్రా!”

అద్దం ముందు జడ వేసుకుంటూ కోడలు నవ్వింది. చుక్క మందు ముట్టని కొడుక్కి లివర్‌లో కొవ్వు పట్టిందని స్కానింగులో తేలి వారమైంది. పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయనీ, వాటిలో చెడ్డవి పెరిగితే వాటి విషం పేగు గోడ దాటి లివర్‌కి చేరుతుందనీ డాక్టరు చెప్పాడు. అవి ఎలా ఉన్నాయో మలపరీక్షలో చూడ్డానికే ఈ డబ్బా.

తల్లి చదివింది ఐదో తరగతి. డాక్టరు మాటల్లో ఆమెకు అందింది ‘విషం’ ఒక్కటే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె ఎప్పుడూ కీడు దగ్గరే ఆగిపోయేది. ఇద్దరూ పనులకు వెళ్లాక డబ్బాను ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. ఇందులో విషం ఉందని కాగితం మీద రాసేస్తే? రాశాక ఇక నిజమైపోదూ? తనైతే బక్కపలచని మనిషి. పిడికెడు తింటుంది. ఏనాడూ ఆసుపత్రి మంచం ఎక్కలేదు.

లేచి స్నానాల గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది. బయటికొచ్చేసరికి డబ్బా మీద కొడుకు పేరే ఉంది. లోపలున్నది మాత్రం ఆమెది.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. చెడ్డవి మితిమీరి ఉన్నాయట. డాక్టరు కొత్త మాత్రలు రాశాడు.

తల్లికి ఏడుపు రాలేదు. కాళ్లూ చేతులూ ఎవరివో అన్నట్టు మొద్దుబారాయి. తేలు కుట్టిన దొంగలా తోమిన గిన్నెనే మళ్లీ తోముతూ ఉండిపోయింది.

వంటింటి అవతల కోడలి గొంతు లేచింది.

“నేనిక్కడ చెంచాతో కొలిచి నూనె పోస్తుంటే, మీరు బయట గడ్డి కరుస్తున్నారన్నమాట!”

“గడ్డి తిన్నా బాగుపడేవాణ్ణి. ఏమీ తినట్లేదు మొర్రో!”

“అయితే కాగితం అబద్ధం చెబుతోందా?”

“కాగితాన్నే నమ్ముకో. రేపట్నుంచి నేను ప్రెస్సులోనే పడుంటాను!”

అతను విసురుగా పట్టీ చించి మాత్ర నోట్లో వేసుకోబోయాడు.

“వేసుకోకురా!”

ఇద్దరూ తిరిగి చూశారు. తల్లి తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉంది.

“అది నీది కాదు, నాది. నీది పారబోసి నాది పెట్టాను. నాదైతే మంచిదని రాస్తారనుకున్నా.” పక్కింటి సంగతేదో చెబుతున్నట్టుంది ఆమె గొంతు.

కొడుకు మాత్రను బల్ల మీద పెట్టేశాడు.

“పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్లను చూశాను గానీ అత్తయ్యా...” అంటూ కోడలు ఆగిపోయింది. రిపోర్టు మళ్లీ చేతిలోకి తీసుకుంది. ముఖం పాలిపోయింది. “అంటే, ఇదంతా మీకా?”

ఆ కాగితంలో ఉన్నది తన ఒంటి సంగతని తల్లికి ఆ క్షణం దాకా తట్టలేదు. అప్పటిదాకా కొడుకు కోసమే భయపడింది.

మర్నాడు కొడుకు సెలవు పెట్టాడు. తన డబ్బా తనే ల్యాబులో ఇచ్చి, తల్లిని స్కానింగు గదికి తీసుకెళ్లాడు. కోడలు కూడా వచ్చింది.

స్కానింగు చేసే అమ్మాయి పొట్ట మీద చల్లటి జెల్ రాస్తూ అడిగింది. “ఇక్కడ నొప్పుందా అమ్మా?”

“నొప్పి కాదు, బరువు.”

“ఎన్నాళ్ల నుంచి?”

ఎన్నాళ్లో కాదని అనబోయి తల్లి ఆగింది. “రెండేళ్లు.”

“మాకెందుకు చెప్పలేదత్తయ్యా?”

“మీరు కంగారుపడతారని.”

“నేను తుమ్మితే చాలు, డాక్టరు దగ్గరికి లాక్కెళ్లేదానివి,” అన్నాడు కొడుకు మెల్లగా. “నీ కోసం కంగారుపడే వంతు మాకు ఒక్కసారైనా ఇచ్చావా?”

అతని చెయ్యి ఆమె పాదం మీద ఆనింది. వెచ్చగా తెలిసింది. అప్పుడు వచ్చింది ఏడుపు.

“కదలకండమ్మా, బొమ్మ సరిగా పడట్లేదు,” అంది స్కానింగు అమ్మాయి.

ఆమె కదలకుండానే ఏడ్చింది.